పోటుకి కోపంతో పనిలేదు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆరోగ్య కార్యకర్తల కోసం నా అనుభవాలు రాసివ్వమని అడిగారు. అడిగినవాళ్లు వెళ్తూ వెళ్తూ, "కొంచెం పాజిటివ్‌గా రాయండి మేడమ్" అని ఓ మాట కలిపారు. మా వృత్తిలో పాజిటివ్ అంటే మంచి వార్త కాదని వాళ్లకింకా ఎవరూ చెప్పినట్టు లేదు.

పాతికేళ్లకు పైగా బందరు, గుడివాడ, దివిసీమల్లో ఇంటింటికీ తిరిగి బీపీలూ షుగర్లూ చూసినదాన్ని. నేను బీపీ మిషన్ పట్టీ చుట్టిన చేతులన్నీ వరసగా పేరిస్తే బందరులో మొదలై గుడివాడ వెళ్లి, అక్కడ ఓ టీ తాగి, వెనక్కి తిరిగి కోడూరు మీదుగా సముద్రంలోకి దిగిపోతాయి. నమ్మనివాళ్లు వచ్చి పేర్చుకోవచ్చు. యాభై అయిదేళ్లకే, ఇంకా సర్వీసుండగానే ఉద్యోగం వదిలేశాను కాబట్టి నన్ను ముసలావిడ అనుకోవద్దు. మోకాళ్లు మాత్రమే ముసలివి. నోరు అలాగే ఉంది.

నాకొచ్చిన ప్రశంసాపత్రాల గురించి రాయను. వచ్చింది ఒకటే, దాంట్లో నా ఇంటిపేరు తప్పు. నేను చేసిన ఒక తప్పుడు పని గురించి రాస్తాను. అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఉందా అని అడిగితే

శిక్షణలో మీకు మొట్టమొదట నేర్పే ప్రశ్న ఇది: "మీకు బీపీ గానీ షుగర్ గానీ ఉన్నాయా?" ఈ ప్రశ్న తయారుచేసిన మహానుభావుడు మన డెల్టాలో ఒక్క గడపా తొక్కి ఉండడు.

గుడివాడలో ఒక కిరాణా కొట్టు పెద్దాయన్ని ఇలాగే అడిగాను. "టీలో పంచదార మానేసి పదేళ్లయిందండీ, ఇంక నాకు షుగరెక్కణ్ణుంచి వస్తుంది?" అన్నారు. అప్పుడాయన ముందు పళ్లెంలో అన్నం ఉంది. ఆ కుప్ప ఎక్కి నిలబడితే నాగాయలంక కనబడేది. బందరులో ఒక దర్జీ సాయిబుగారు పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని, ఆ వెంటనే లడ్డూ తినేవారు. అదేంటండీ అంటే, "మరి మాత్రకి కూడా ఏదో ఒక పని చూపించాలి కదమ్మా" అన్నారు.

షుగర్ ఫరవాలేదు. అసలు చిక్కు బీపీ. మన దగ్గర బీపీ అంటే కోపం. "నాకు బీపీ తెప్పించమాకు" అని మొగుడు పెళ్లాన్ని, పెళ్లాం మొగుణ్ణి, కండక్టరు ఇద్దర్నీ బెదిరిస్తారు. అందుకే "బీపీ ఉందా?" అంటే మనకొచ్చే జవాబులు ఇలా ఉంటాయి:

"మా అత్తకుందమ్మా. ఆవిణ్ణి చూస్తే నాకూ వస్తది."

"పెళ్లికి ముందు ఉండేదండీ. ఇప్పుడెక్కడిది?"

ఫలితం ఏమిటంటే, ఊరికి వెళ్లి పట్టీ బయటికి తియ్యగానే ఊళ్లో రౌడీలంతా ఛాతీ విరుచుకుని వరసలో నిలబడతారు. సాధువులంతా ఇంట్లోనే ఉండిపోతారు. ఏళ్ల తరబడి మేం చేసింది ఇదే: కోపిష్టివాళ్ల చేతులు కొలవడం, శాంతమూర్తులకు దణ్ణం పెట్టి వెళ్లిపోవడం.

అక్కా తమ్ముడూ

బందరు పక్కనే గిలకలదిండి హార్బరులో దుర్గమ్మ అని చేపల వేలంపాట పాడేది. ఆవిడ గొంతెత్తితే ఇంకా సముద్రం మొగలోనే, రేవుకి రాకుండా ఉన్న బోట్లు కూడా ఇంజన్ ఆపి రేటు వినేవి. ఐసు గడ్డలకు చెమట పట్టేది. ఆవిడతో తగువులో గెలిచినవాడు లేడు, ఓడినవాడు తిన్నగా ఇంటికి చేరిందీ లేదు. ఈవిడకు బీపీ మూడొందలు ఉంటుందని ఊరంతా ఏకగ్రీవంగా తీర్మానించేసింది.

నేను పట్టీ చుడుతుంటే చుట్టూ జనం మూగారు. మిషన్ పేలుతుందేమోనని ఒకాయన రెండడుగులు వెనక్కి కూడా వేశాడు.

నూట పన్నెండు బై డెబ్బై నాలుగు.

"ఏందీ? నాకు లేదా?" అంది దుర్గమ్మ.

"లేదక్కా. బంగారంలా ఉంది."

"నీ మిషన్ చెడింది. మళ్లీ కట్టు."

మళ్లీ కట్టాను. ఈసారి ఇంకో రెండు తగ్గింది. దుర్గమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, తన లెక్కలో గుసగుసగా, అంటే రేవు అవతల ఒడ్డుకి కూడా వినపడేటట్టు, చెప్పింది: "నాకు బీపీ ఉందని ఈ హార్బరంతా భయపడి బతుకుతంది. లేదని తెలిస్తే రేపట్నుంచి నా మాట ఎవడు వింటాడే? ఎవరికీ చెప్పమాకు!"

ఆవిడ తమ్ముడు నాంచారయ్య. ఒకే తల్లి కడుపున పుట్టారంటే నమ్మబుద్ధి కాదు. ఇంటికొచ్చిన గొంతంతా అక్కే పట్టుకుపోయి ఉంటుంది. చిరిగిన వలలు బాగుచేసేవాడు. కుక్క కరిస్తే దాని పళ్లకేమన్నా అయిందేమోనని కనుక్కునే రకం. నన్ను చెల్లెమ్మా అనేవాడు. ఆ వరసన ఆయన భార్య కనకం నన్ను వదినా అనేది, నేనూ ఆవిణ్ణి వదినా అనేదాన్ని. గిలకలదిండి వెళ్తే మధ్యాహ్నం నా టీ వాళ్లింట్లోనే.

అప్పుడు మేం చేస్తున్నది, ముప్పయ్యేళ్లు దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్ చూసి ఫోన్‌లో ఎక్కించే సర్వే. నేను నాంచారయ్య ఇంటికి వెళ్లిన రోజు సాయంత్రంతో గడువు సరి. ఆ ఫోన్‌లో బీపీ గడి నింపకపోతే తర్వాతి పేజీ రాదు. ఎద్దయినా అదిలిస్తే కదులుతుందేమో గానీ అది కదలదు. వీధిలో ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. నాంచారయ్య వల ముందేసుకుని కూర్చుని నవ్వాడు.

"నాకెందుకు చెల్లెమ్మా? మా అక్కకే లేదంట. నాకెక్కణ్ణుంచి వస్తది?"

ఆ తర్కానికి నేనూ నవ్వాను. కనకం టీ ఇచ్చింది, తాగాను. ఆయనకు నూట ఇరవై బై ఎనభై అని ఫోన్‌లో కొట్టాను. మా వృత్తిలో అంతకన్నా తియ్యని అంకె లేదు, ఎవరికి పెట్టినా అతుకుతుంది. పక్కనే ఉంది కదాని కనకానికీ అదే కొట్టాను. ఇద్దరి కార్డుల మీదా నా ముత్యాల్లాంటి అక్షరాలతో అదే రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. పట్టీ సంచీలోంచి బయటికి రాలేదు.

ఈ వ్యాసంలో చాలా సంగతులు పెంచి రాశాను, ఇంకా రాస్తాను. ఈ ఒక్కటీ పెంచలేదు.

కార్డు

నాలుగు నెలలు తిరిగాక ఒక ఉదయం, వల కుట్టే సూది నాంచారయ్య చేతిలోంచి జారిపోయింది. తీసుకుందామని వంగితే చెయ్యి వినలేదు. "కనకం" అని పిలవబోతే నాలుక వినలేదు. ఆటోలో వేసుకుని బందరు తీసుకొచ్చారు. కబురు తెలిసి నేను వెళ్లేసరికి ఒక కుర్ర డాక్టరు చూస్తున్నాడు. అప్పుడాయన బీపీ రెండొందల పది బై నూట ఇరవై.

"ఇంతకుముందు ఎప్పుడైనా బీపీ చూపించారా అమ్మా?" అని కనకాన్ని అడిగాడు.

"చూపించామండీ" అంటూ కనకం ప్లాస్టిక్ కవరు విప్పింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డుల మధ్య భద్రంగా దాచిన నా కార్డు తీసి ఇచ్చింది. "మా వదిన మా ఇంటికే వచ్చి చూసిందండీ. నార్మలే. ఇదిగో ఈవిడే." ఎంత గర్వంగా చూపించిందో.

డాక్టరు కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. కార్డు కనకానికే తిరిగి ఇచ్చేశాడు. అందరి ముందూ తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

బయట వరండాలో కనకానికి చెప్పేశాను. "వదినా, ఆ రోజు నేను పట్టీ కట్టలేదు. ఊరికే రాశాను."

ఆవిడకు అర్థం కాలేదు. "రాసుంది కదండీ మరి? మీరే రాశారుగా?"

అంతవరకూ నన్ను నువ్వు అనేది. ఆ మాటతో మీరు అయ్యాను. మన వైపు చుట్టరికంలో ఉన్నట్టుండి మర్యాద పెరిగిందంటే చుట్టరికం తెగిందని అర్థం.

అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ కార్డు మీద ఉన్నదీ ఉత్త రాతేనని. "మీ చెయ్యి ఒక్కసారి ఇవ్వండి వదినా, ఇప్పుడే చూస్తాను" అన్నాను.

"అక్కర్లేదండీ" అంది. "నాదీ రాశారుగా."

ఇంట్లో ఒక మనిషి పడిపోయాడు. రెండో మనిషి పడిపోకుండా ఉంటుందా లేదా అన్నది ఆవిడ నాకు చెయ్యి ఇవ్వడం మీద ఆధారపడి ఉంది. ఇవ్వకపోవడానికి ఆవిడ దగ్గర కారణం ఉంది. ఆ కారణం మీద నా సంతకం ఉంది.

నూరుశాతం గారు

ఇంటికొచ్చి నేను ఎక్కించిన వివరాలు తిరగేశాను. ఇల్లు దాటితే ఇల్లు నూట ఇరవై బై ఎనభై. సగం గిలకలదిండి ఒకే గుండెతో బతుకుతున్నట్టుంది. అన్నీ దొంగరాతలు కావు, చాలావాటికి పట్టీ కట్టాను. కట్టనివి ఏవో నాకు తెలుసు. అవన్నీ మంచివాళ్ల ఇళ్లే.

మర్నాడు మా పై అధికారి దగ్గరికెళ్లాను. ఆయనకు నేను పెట్టుకున్న పేరు నూరుశాతం గారు. ఆయన మనిషిని చూస్తే "ఎలా ఉన్నారు?" అనరు, "ఎంత శాతం?" అంటారు. ఇంట్లో అన్నం వడ్డించినా ఎంత శాతమైందో చూసుకుని లేస్తారని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించింది నేనే.

"సార్, గిలకలదిండిలో కొన్ని వీధులు మళ్లీ చెయ్యాలి."

"ఎందుకమ్మా? నూరుశాతం అయిపోయిందిగా."

"కొన్ని ఇళ్లలో కట్టకుండా రాశాను సార్."

ఆయన తలుపు వైపు చూశారు. "అది నాకు వినపళ్లేదు."

"గట్టిగా చెప్పమంటారా సార్?"

"మనం ఫస్టున్నామమ్మా! అందరికన్నా ముందు!"

"కొలవకుండానే ఫస్టొచ్చాం సార్. కొలిస్తే ఇంకెంత పైకొస్తామో."

"వేళాకోళం కాదు. మళ్లీ కొలిస్తే బీపీవాళ్లు పెరుగుతారు. ఎందుకు పెరిగారని పైనుంచి అడుగుతారు."

"నేను కొలిస్తే పెరగరు సార్. ఉన్నవాళ్లు కనబడతారు."

"మెమో ఇస్తాను."

"ఇవ్వండి సార్. కారణం మటుకు స్పష్టంగా రాయండి, పట్టీ కట్టినందుకు అని."

పది రోజులు సెలవు రాసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. సెలవు నాది, కాళ్లు నావి. మిషన్ మాత్రం ప్రభుత్వానిది. ఆ మెమో నిజంగానే వచ్చింది, కారణం వేరే రాశారు. మీకూ వస్తుంది. భయపడకండి. నేను నాది మడిచి, మిషన్ కుదురుగా నిలబడటానికి అడుగున పెట్టుకున్నాను. దానంత పనికొచ్చిన ప్రభుత్వ కాగితం నా సర్వీసులో ఇంకోటి లేదు.

పోటు

మొదటి మూడు రోజులు ఒక్కరూ చెయ్యి ఇవ్వలేదు. "కిందటిసారి బాగానే ఉందన్నావుగా సిస్టరమ్మా" అని కొందరు, "ఇప్పుడేం రాయాలో అదీ నువ్వే రాసుకో" అని కొందరు. రెండోరకం వాళ్లకు అప్పటికే కథ తెలిసిపోయింది.

నాలుగో రోజు నాంచారయ్యను ఇంటికి తీసుకొచ్చారు. మూతి ఒక పక్కకు వాలింది, కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. అక్క దుర్గమ్మ పక్కనే నిలబడి నావైపు చూడకుండా చూస్తోంది. కనకం లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు టీ లేదు.

"చెల్లెమ్మా" అన్నాడు నాంచారయ్య, ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ. "నాకు... కోపం రాదుగా. మరి ఎట్టా వచ్చింది?"

"బీపీ అంటే కోపం కాదన్నా" అన్నాను. ఇంకెలా చెప్పాలో తెలియక, చదువుకున్న రోజుల్లో బట్టీపట్టిన పుస్తకం మాట నోటికొచ్చింది. "రక్తపోటు అంటారు."

"పోటా?" అన్నాడు.

ఎడంచెయ్యెత్తి రేవు వైపు చూపించాడు. "పోటంటే... ఆ పోటేగా?"

"ఆ పోటే అన్నా. నీళ్లు ఒడ్డుని ఒత్తినట్టు, రక్తం నరాన్ని ఒత్తుతుంది."

"మరి పోటు రావడానికి... సముద్రానికి కోపమెందుకు? గాలాడకపోయినా వస్తది. నీళ్లు అద్దంలాగుంటాయి. చూస్తండగానే... మోకాల్లోతు."

పాతికేళ్లు. రక్తపోటు అనేది పాఠ్యపుస్తకాల మాట, జనానికి అర్థం కాదు అని, నాగరికంగా బీపీ బీపీ అంటూ తిరిగాను. ఆటూ పోటూ చూసి పడవ దింపే జనానికి పోటు అర్థం కాదనుకున్నాను!

దుర్గమ్మ అప్పటికి నోరు తెరిచింది. "ఈ ముక్క ముందే ఏడవచ్చుగా, చదువుకున్నదానా!"

మర్నాడు వేలం ముగిసీ ముగియగానే, ఖాళీ ట్రేలు బోర్లించి వాటి మీద నన్ను కూర్చోబెట్టి గొంతెత్తింది. "ఇనండెహే! ఈ సిస్టరు కిందటిసారి కట్టకుండా రాసింది. నా తమ్ముడి చెయ్యి పోయింది. ఈవిణ్ణి తిట్టే పని నాది, నేను తీరిగ్గా తిట్టుకుంటా. మీరు చేతులు కట్టించుకోండి! నోరున్నోళ్లు పక్కకి తప్పుకోండి. నోరు లేనోళ్లు ముందుకి రండి. ఈవిడ మీ పోటు చూస్తది!"

ఒకాయన సిగ్గుపడుతూ వచ్చాడు. "మా ఆవిడ నన్ను మంచోడంటదండీ. నేను కూడా రావాలా?"

"నువ్వే ముందు రావాలి. కూర్చో బాబాయ్."

ఎంతమందికి ఎక్కువుందో అంకె చెప్పను. అంకెలు రాసీ రాసీ నాకు ముచ్చట తీరిపోయింది. నేను తీసుకెళ్లిన మాత్రలు చాలలేదు, అంతవరకే చెప్తాను. మా నూరుశాతం గారి పట్టికలో మేం మొదటి స్థానం నుంచి ఆఖరికి పడ్డాం. పిల్లలూ, ఆ ఆఖరి స్థానమే నా సర్వీసు మొత్తానికి నేను సంపాదించిన పతకం. ఎవరికీ ఇవ్వను.

ఆ ట్రేల మీద కూర్చుని నేర్చుకున్నవి ఊరికే రాస్తున్నాను, తీసుకోండి. నడిచొచ్చిన మనిషికి వెంటనే కట్టకండి, అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. కాళ్లు నేలకి ఆనాలి, నోరు మూసుకోవాలి, మీదీ మూసుకోవాలి. జాకెట్టు చెయ్యి మీద, చొక్కా చెయ్యి మీద కట్టేది కొలత కాదు, బట్టల కొట్టు. ఎండుచేప మానెయ్యమని గిలకలదిండిలో చెప్పకండి, మిమ్మల్నే మానేస్తారు. నానబెట్టి, రెండుసార్లు కడిగి, ఆ నీళ్లు పారబోసి వండమనండి. పైన వేసే ఉప్పు తగ్గించమనండి. బీపీ తగ్గింది కదాని మాత్ర మానేస్తారు. "పోటు తగ్గిందని కట్ట తవ్వేస్తామా?" అని అడగండి. నవ్వుతారు, కానీ వేసుకుంటారు. ఒకసారి ఎక్కువొచ్చిందని ఎవర్నీ బెదరగొట్టకండి, ఇంకోసారి చూడండి. ఒక్కసారి కూడా చూడకుండా ఎవర్నీ మెచ్చుకోకండి.

కనకం

అందరూ వచ్చారు, కనకం రాలేదు.

రోజూ వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ నాంచారయ్య చేత గోడ పట్టుకుని నడిపిస్తూ ఉండేది. "రండి, కూర్చోండి" అనేది. చెయ్యి అడిగితే, "మా ఇంట్లో పని అయిపోయిందిగా అండీ" అనేది. దుర్గమ్మ అరిచి చూసింది. నాంచారయ్య బతిమాలాడు. ఆవిడ గొంతు పెంచలేదు, కాదని తగువు పెట్టుకోలేదు. నాకు భయం వేసిందే అందుకు. ఆ వీధిలో ఆవిడంత శాంతమైన మనిషి ఇంకోరు లేరు.

తొమ్మిదో రోజు నేనేమీ అడగలేదు. గుమ్మంలో కూర్చున్నాను, మిషన్ పక్కన పెట్టుకున్నాను. మర్నాటితో నా సెలవు ఆఖరు. ఆవిడ మొగుణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"అందులో అంకెలు కనపడతాయంటగా?"

"కనపడతాయి."

"నేను మూడో తరగతి దాకా చదివాను. అంకెలు వచ్చు. మీ వైపు కాదు, నా వైపు పెట్టండి. ముందు నేను చదవాలి. నేను చదివాకే మీరు రాయాలి."

మిషన్ ఆవిడ వైపు తిప్పాను. పీట మీద కూర్చుంది. అయిదు నిమిషాలు ఇద్దరం మాట్లాడుకోలేదు. నా సర్వీసులో నేను అంతసేపు నోరు మూసుకున్న సందర్భం అదొక్కటే. పట్టీ చుట్టాను. అది బిగిసి, వదిలి, కూత పెట్టింది. ఆవిడ ముందుకు వంగి, వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది.

"ఒకటి. ఏడు. ఆరు." వేలు కిందికి జరిపింది. "ఒకటి. సున్నా. నాలుగు." తలెత్తింది. "ఎక్కువేనా?"

"ఎక్కువే. ఇంకోసారి చూడాలి."

ఇంకోసారి చూశాం. పై అంకె నాలుగు తగ్గింది. అయినా ఎక్కువే. ఆవిడ లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులోంచి తన కార్డు తెచ్చి, నా పెన్నుతో సహా నా ఒళ్లో పెట్టింది.

"అది కొట్టెయ్యండి."

కార్డు మీద కొట్టివేతలు ఉండకూడదని మాకు రూలు. నూట ఇరవై బై ఎనభైని ఈ చివర్నుంచి ఆ చివరికి, కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశాను. పక్కన ఆవిడ రెండోసారి చదివిన అంకెలు రాసి, కింద సంతకం పెట్టాను.

కనకం కార్డు తీసుకుంది. మిషన్ మీద ఇంకా వెలుగుతున్న అంకెల పక్కన పెట్టి, ఒకటికొకటి సరిచూసుకుంది. సరిపోయాక కవరులో పెట్టి, చెంగు దోపుకుని అడిగింది:

"మాత్ర పొద్దున్నా, సాయంత్రమా?"